అరవై నాలుగు కిలోబిట్ల హేతువాది

రెండో డెమో పాఠం కూడా పోయిందని చెప్పడానికి పై అంతస్తు టీచరమ్మ మెట్లు దిగి వచ్చినప్పుడు నేను భూతవైద్యాన్ని ఖండిస్తూ వ్యాసం రాసుకుంటున్నాను. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు తేలికగా ఉండేది, ఓదార్పు మాటలు నా దగ్గర కొన్ని ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. చేతిలో సుద్దముక్క లేని లెక్కల టీచరు చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఎలా నిలబడుతుందో అలా గుమ్మంలో నిలబడి మెల్లగా చెప్పింది.

"నా గొంతు మధ్య మధ్యల పోయిందట సార్. ఒక లెక్క షురువు ఇనబడ్డదట, ఇంకో లెక్క జవాబు ఇనబడ్డదట. ఇంటర్వ్యూ చేసేటోళ్లు నవ్విండ్రు."

"మల్ల ఎప్పుడున్నది?"

"శనివారం, పదిన్నరకు. మూడోది. గదే ఆఖరు. అది గూడ ఖరాబైతే ఇగ పిలువమని చెప్పిండ్రు."

ఆమె, ఆమె అత్తగారు మట్టెవాడలోని మా ఇంటి పై భాగంలో ఐదేళ్లుగా అద్దెకుంటున్నారు. భర్త సర్వే పని మీద ములుగు అవతలి అడవి ఊళ్లలో తిరుగుతూ పదిహేను రోజులకోసారి వస్తాడు. ఈమె చెప్పే ప్రైవేటు బడి ఎండాకాలంలో మూతపడింది. అప్పటి నుంచి పని లేదు. హైదరాబాదులో ఒక హాస్టలు బడివాళ్లు రమ్మంటున్నారు కాని, పిల్లలతో పాటు అక్కడే ఉండాలి. అత్తగారు పాత నర్సు, మోకాళ్లు అరిగిపోయాయి, ఆమెను ఒంటరిగా వదిలి వెళ్లడం కుదరదు. ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పే ఈ ఉద్యోగం వస్తే ఎవరూ ఎక్కడికీ కదలనక్కర్లేదు. రాకపోతే ఇల్లు మూడు చోట్ల మూడు ముక్కలవుతుంది.

ఈ సంగతికీ నాకూ సంబంధం ఏమిటంటే, ఆ ఇంటర్నెట్ నాది. అద్దెలో కరెంటు విడిగా, నెట్ కలిపి అన్న షరతు పెట్టింది నేనే. జ్ఞానానికి మీటరు బిగించకూడదని ఆ రోజు అద్దెకు దిగుతున్నవాళ్లకు ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. వాళ్లు చేతుల్లో చాపలు, బకెట్లు పట్టుకుని నిలబడే విన్నారు.

మా లైనుకు గడప దగ్గర కాపలా ఉన్నది ఒక ఫైర్‌వాల్. ఇంట్లోకి వచ్చేది, ఇంట్లోంచి పోయేది అంతా దాని గుండానే నడవాలి. అది దుకాణంలో కొన్నది కాదు. పాత కంప్యూటర్ ఒకదానిలో ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వేసి నేనే తయారు చేశాను. ఓపెన్ సోర్స్ అంటే దాని లోపలి రాత మొత్తం లోకానికి తెరిచి పెట్టి ఉంటుంది, ఎవరైనా చదివి తప్పు పట్టవచ్చు. నాకు ఇంతకు మించిన సిద్ధాంతం ఏం కావాలి? కంపెనీవాడు ఇచ్చే మూత బిగించిన పెట్టె గర్భగుడి లాంటిది. లోపల ఏముందో అడగరాదు, పూజారి చెప్పింది నమ్మాలి. నేను నమ్మను. ఈ మాట మా హేతువాద సంఘం సమావేశంలో చెబితే చప్పట్లు కొట్టారు. టీచరమ్మ మాత్రం ఒకసారి అడిగింది.

"ఆ రాసిందంత మీరు చదివిండ్రా సార్?"

"చదవచ్చు. ఎవలైనా చదవచ్చు."

"మీరు చదివిండ్రా అని."

"లేదు."

ఆమె ఇంకేమీ అనలేదు. లెక్కల టీచర్లలో ఈ దుర్గుణం ఉంది. జవాబు రాగానే కింద గీత గీసి ఊరుకుంటారు.

సరే, దోషి ఎవరో తేల్చాలి. నలభై ఏళ్లుగా నేను ఊరూరా తిరిగి చెప్పేది ఒకటే, సాక్ష్యం లేకుండా ఎవరినీ అనుమానించకూడదని. కాబట్టి ముందు నా భార్యను అనుమానించాను. ఆమె ఫోనులో సీరియళ్లు చూస్తుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మాది పురోహితుడు లేని పెళ్లి. దండలు మార్చుకున్న చోటనే, నన్ను మీరు గీరు అనవద్దు, నువ్వు అనే పిలువు, మనం సమానం అని పదిమంది ముందు ప్రకటించాను. ఆ హక్కును ఆమె ఆనాటి నుంచి ఈనాటి దాకా ఒక్క పూట కూడా వదులుకోలేదు.

"నీ సీరియల్ వల్లనే ఆమె గొంతు తెగుతాందేమో," అన్నాను.

"పొద్దుగాల పదిన్నరకు నేను కూరగాయల కాడ ఉంట. నా ఫోను నాతోనే ఉంటది. నువ్వు సైన్సు సారువు గదా, జర మెదడు పెట్టి అడుగు."

రెండో అనుమానం పైన ఉన్న పెద్దావిడ మీద. ఆమె చర్చి ప్రార్థనలు ఫోనులో చూస్తుంది. ప్రార్థన వల్ల లైను చెడిపోయిందని తేలితే ఒక వ్యాసమవుతుందని నాకు కొంచెం ఆశ కలిగిన మాట నిజం. మెట్ల మీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్న ఆమెను అడిగాను. ఆమె నాకంటే నాలుగేళ్లు పెద్ద, నన్ను తమ్మీ అంటుంది.

"నేను ప్రార్థన పొద్దున ఐదింటికే చేసుకుంట తమ్మీ. అప్పుడు లైన్ల మస్తు ఖాళీ ఉంటది. నువ్వు గూడ లేవవు, నీ తోటి వాదన గూడ ఉండదు."

చివరికి ఫైర్‌వాల్‌నే అడిగాను. అందులో ఏ గంటకు ఏ యంత్రం ఎంత పంపిందో గీతల పటం ఉంటుంది. రెండు డెమోలు జరిగిన రోజుల పటాలు తెరిచాను. రెండు రోజులూ సరిగ్గా పదిన్నరకు ఒక కొండ లేచి, పన్నెండు దాకా నిలబడి, దిగిపోయింది. ఒకే యంత్రం. మా లైను లోపలికి తెచ్చేది యాభై మెగాబిట్లు, బయటికి పంపేది మాత్రం పది. ఆ పదికి పదీ ఆ ఒక్క యంత్రమే తింటోంది. ఇంకొకరి గొంతు బయటికి పోవడానికి సందే లేదు. నాకు రక్తం మరిగింది. దొంగను పట్టుకున్నానని భార్యను పిలిచాను. యంత్రం నంబరు నొక్కాను. పేరు వచ్చింది.

అది నా బల్ల మీద కంప్యూటర్.

వారానికొక ఉపన్యాసం నేను వీడియో తీసి మా సంఘం ఛానల్‌లో పెడతాను. ఫైలు పెద్దది, నెట్‌లోకి ఎక్కడానికి రెండు మూడు రోజులు పడుతుంది. భార్య మార్కెట్‌కు వెళ్లే వేళకు ఎవరికీ అడ్డం ఉండదని, రోజూ పదిన్నరకు దానంతట అది ఎక్కేలా నేనే పెట్టాను. ఆ రెండు రోజులు ఎక్కిన ఉపన్యాసం పేరు "పరుల గొంతు నొక్కే సంప్రదాయాలు". దాన్ని అప్పటికి చూసినవాళ్లు పదకొండు మంది, అందులో నేను మూడుసార్లు.

నా భార్య కుర్చీలో కూలబడి నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. "రుజువు కావాలె రుజువు కావాలె అని ఊరు మీద పడుతవ్ గదా. ఇగ దొరికింది. చెప్పు పో పైకి."

వెళ్లి చెప్పాను. టీచరమ్మ ముఖం చూడలేక గోడ మీది క్యాలెండర్‌లోని గొర్రెపిల్లను చూస్తూ చెప్పాను. ఆమె, "పోనియ్యుండ్రి సార్, తెలువక జరిగింది," అంది. అత్తగారు అలా వదిలే మనిషి కాదు.

"మరి శనివారం మిషన్ బంద్ చేస్తవా తమ్మీ?"

ఒక్కరోజు ఆపితే సరిపోతుంది, నిజమే. కాని ఉద్యోగం వస్తే రోజూ క్లాసులుంటాయి. రోజూ ఎవరు ఎప్పుడు ఆపాలో గుర్తుపెట్టుకోవడం అంటే అందరూ నా జ్ఞాపకశక్తిని నమ్ముకుని బతకడం. వ్యక్తుల మంచితనం మీద ఆధారపడిన వ్యవస్థ వ్యవస్థే కాదని నేను ఎన్నోసార్లు రాశాను. నియమం కావాలి. ఆ నియమం పేరు ట్రాఫిక్ షేపింగ్. లైనులో ఏ రకం రద్దీ ముందు పోవాలి, ఏది ఎంత మించకూడదు అని ఫైర్‌వాల్‌కు చెప్పి పెట్టడం. బజారు చౌరస్తాలో కానిస్టేబుల్ చేయవలసిన పని.

మంగళవారం కూర్చున్నాను. మొదటి పేజీలోనే నాకు కోపం వచ్చింది. రద్దీని వరసలుగా విడగొట్టమని, ప్రతి వరసకు ఒక హోదా ఇవ్వమని ఉంది. పై వరస వాళ్లు ముందు, కింది వరస వాళ్లు తర్వాత. పుట్టుకతోనే హోదా రాసిపెట్టే పద్ధతి ఈ దేశానికి ఎవరు నేర్పారో, దానివల్ల ఎంతమంది చచ్చారో నాకు తెలుసు. నా ఇంట్లో, నా పెట్టెలో, నా చేతులతో ఆ పని చేయను. అందరికీ సమాన వాటా పెట్టాను. ఉపన్యాసం, సీరియల్, పాఠం, ప్రార్థన అన్నీ ఒకటే. పెట్టి, మనసు నిండా తృప్తి పడి, బుధవారం పరీక్షకు పిలిచాను. టీచరమ్మ పైనుంచి ములుగు వైపున్న భర్తతో మాట్లాడుతుంది, నేను కింద ఉపన్యాసం ఎక్కిస్తాను.

రెండు నిమిషాల్లో పైనుంచి కబురు వచ్చింది. భర్తకు మళ్లీ ముక్కలే వినబడుతున్నాయట.

నేను మెట్ల మీద కూర్చుని నా సిద్ధాంతం వివరించాను. పెద్దావిడ చిక్కుడు గింజ ఒకటి పళ్లెంలో వేసి అంది.

"నేను ముప్పై నాలుగేండ్లు దవాఖానల చేసిన. లైన్ల నిలవడ్డోళ్లను అందర్ని ఒక్కతీర్గ చూస్తే ఏమైతదో ఎరికేనా? జరమొచ్చినోడు గోలీ తీసుకోని ఇంటికి పోతడు. గుండె పట్టుకున్నోడు లైన్లనే పోతడు."

"అక్కా, అది వేరు."

"ఏం వేరు? నీ వీడియో రేపు చేరితే ఎవడన్న సస్తడా?"

"చావరు."

"ఇయ్యాల చేరితే ఎవడన్న బతుకుతడా?"

వాదనలో అవతలివాడు అడిగిన ప్రశ్న మంచిదైతే ఒక్క క్షణం ఆగి ఆలోచించాలని యువకులకు చెబుతుంటాను. ఆ క్షణం చాలా పొడుగైంది. ఆమె ఈలోపు పది కాయలు గిల్లింది. ఆలోచిస్తే ఆమె చెప్పిందే నిజం. పుట్టుకను చూసి ముందు పంపడం వేరు, అవసరాన్ని చూసి ముందు పంపడం వేరు. వెనకబడ్డవాడికి ముందు చోటివ్వాలని కొట్లాడినవాణ్ని, గొంతుకు చోటివ్వడానికి సమానత్వం అడ్డు పెట్టాను. లేచి కిందికి వెళ్లి మాటను మొదటి వరసలో, ఫైళ్లను ఆఖరి వరసలో పెట్టాను.

గురువారం మళ్లీ పరీక్ష. మళ్లీ ముక్కలే. ఈసారి కాస్త పెద్ద ముక్కలు.

ఆ రోజంతా చదివాను. అసలు కిటుకు పొద్దు గూకే వేళకు దొరికింది, దొరికి నన్ను రెండోసారి మండించింది. లైను సామర్థ్యం పది అయితే, నీ పెట్టెకు తొమ్మిదే అని చెప్పాలట. ఎందుకంటే పదికి పదీ వదిలితే వరస మన ఇంట్లో కట్టదు, వీధి చివర స్తంభం మీదున్న కంపెనీ పెట్టెలో కడుతుంది. అక్కడ మన నియమాలు ఎవరూ పాటించరు, మాట ఫైలు వెనక్కే పోయి నిలబడాలి. వరస మన గడప లోపలే కట్టాలంటే మనమే ముందుగా కాస్త తగ్గించుకోవాలి. అప్పుడే ముందు ఎవరు, వెనక ఎవరు అన్నది మన చేతిలో ఉంటుంది.

తగ్గించుకోవాలా? జీవితమంతా నేను ఉపవాసాల మీద, మొక్కుల మీద, కడుపు మాడ్చుకుంటే మేలు జరుగుతుందన్న ప్రతి మాట మీద యుద్ధం చేశాను. వదులుకుంటే వస్తుంది అన్నవాడల్లా చివరికి వదిలిన దాన్ని తన సంచిలో వేసుకునేవాడే. ఇప్పుడు ఒక యంత్రం వచ్చి, పదిలో ఒకటి వదిలేయి, అంతా వేగంగా అవుతుంది అంటోంది. నేను ఒప్పుకోలేదు. అయితే నాది ఒప్పుకోకుండానే పరీక్షించే పద్ధతి. పది తీసి తొమ్మిది రాశాను. ఉపన్యాసం వదిలాను. పైన టీచరమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది.

ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. పైనుంచి కబురు రాలేదు. ఇంకాసేపటికి ఆమే కిందికి వచ్చింది, చెవిలో ఇయర్‌ఫోను అలాగే ఉంది.

"గిన్నొద్దులకు సాఫుగ ఇనబడ్డదంటాండు సార్. కూరల ఉప్పు ఎక్కువైందని నేను గొణుక్కున్నది గూడ ఇనబడ్డదట."

నమ్మలేక మళ్లీ పది రాశాను. తెగింది. తొమ్మిది రాశాను. కలిసింది. ఇలా ఏడుసార్లు చేశాను. ఆరోసారికి నా భార్య తన అక్కతో నెట్‌లో మాట్లాడుతున్న కాల్ తెగిపోయింది. ఫైర్‌వాల్‌లో నియమం మార్చి అమలు చేసినప్పుడల్లా లైను రెండు మూడు క్షణాలు ఆగుతుందని, నడుస్తున్న కాల్ అయితే తెగుతుందని అలా తెలిసింది.

"మా అక్క ఆపరేషన్ సంగతి చెప్తాంది, కత్తి పెట్టిన కాడికి వచ్చింది, అప్పుడే కట్ చేసినవ్," అంది ఆమె. అది నేను కాగితం మీద రాసి గోడకు అంటించాను. ఆపరేషన్ సంగతి కాదు, కాల్ నడుస్తుండగా నియమాలు ముట్టుకోవద్దన్న సంగతి.

తొమ్మిది సంగతి చెప్పడానికి పైకి వెళ్లాను. పెద్దావిడ పూర్తిగా విన్నది. ఆమె కళ్లలో ఒక మెరుపు వచ్చింది, నలభై ఏళ్లు వాదనలు చేసినవాణ్ని, ఆ మెరుపు ఏమిటో నాకు తెలుసు.

"అంటే పదిల ఒకటి ఇడిసిపెడితే మిగిలిన తొమ్మిది మంచిగ నడుస్తయి."

"అవును. దానికి కారణం ఉన్నది, స్తంభం మీద పెట్టె..."

"దశమభాగం," అంది ఆమె. "నా మొదటి జీతం కాన్నించి పదిల ఒకటి దేవునికి ఇస్తాన్న. నువ్వు నన్ను చూసి ఐదేండ్ల సంది నవ్వుతాన్నవ్."

"అక్కా, నువ్వు చర్చికి ఇస్తవు. నేను ఎవ్వలికి ఇస్తలేను. అది ఊకనే ఖాళీగ ఉంటది."

"ఎవ్వలికి ఇయ్యకుంట ఇడిసిపెడుతాన్నవా? గట్లయితె నీ భక్తి నాకంటె ఎక్కువనే."

టీచరమ్మ ముఖం తిప్పుకుని కిటికీ వైపు చూసింది, భుజాలు కదులుతున్నాయి. వేదికల మీద నేను ఎందరికో జవాబు చెప్పాను. చిక్కుడుకాయల పళ్లెం ఒళ్లో పెట్టుకున్నవాళ్లతో వాదించే పద్ధతి నాకు ఎవరూ నేర్పలేదు. దీనికీ దానికీ ఉన్న తేడాను నేను ఒక వ్యాసంలో స్పష్టం చేస్తానని చెప్పి దిగి వచ్చాను. ఆ వ్యాసం ఇంకా రాయలేదు.

అంతా అక్కడితో ఆపి ఉంటే ఈ జ్ఞాపకం రాయనక్కర్లేదు. శుక్రవారం నాకు పశ్చాత్తాపం వచ్చింది. రెండు డెమోలు పాడు చేసినవాడు ఆఖరి వరసలో కూర్చుంటే చాలా? శిక్ష ఉండొద్దా? నా కంప్యూటర్ నుంచి బయటికి పోయే ప్రతి దానికీ కలిపి గట్టి హద్దు పెట్టాను. అరవై నాలుగు కిలోబిట్లు. అంటే పాతకాలం ఫోను తీగ గుండా పోయినంత. ఇకపై ఎవరి గొంతూ నా వల్ల తెగదు. గుండె తేలికపడింది. పశ్చాత్తాపం మతస్థుల రోగమని ఎక్కడో రాశాను, ఆ సంగతి అప్పుడు గుర్తురాలేదు.

గుర్తురానిది ఇంకొకటి కూడా ఉంది. శనివారం పదకొండు గంటలకు నాకొక చర్చ ఉంది. ఊళ్లో నలుగురూ చూసే ఒక యూట్యూబ్ ఛానల్‌లో, ఒక వాస్తు పండితుడితో, ముఖాముఖి. నెల ముందు నిర్ణయమైంది. ఆయన తన ఇంటి నుంచి, నేను నా బల్ల దగ్గర నుంచి, అదే కంప్యూటర్‌లో.

శనివారం పదిన్నరకు పైన డెమో మొదలైంది. కిటికీలోంచి టీచరమ్మ గొంతు సన్నగా వినబడుతోంది. భార్య మార్కెట్‌కు వెళ్లింది, ఆమె ఫోను ఆమెతో వెళ్లింది. నాది బటన్ల ఫోను. పదకొండుకు రెండు నిమిషాల ముందు నేను తల దువ్వుకుని, కాగితాలు వరసగా పెట్టుకుని, చర్చలోకి చేరాను.

సంధానకర్త నమస్కారం చెప్పాడు. పండితుడు చేతులు జోడించాడు. ఇద్దరూ నాకు అద్దంలా కనబడుతున్నారు, లోపలికి వచ్చేదానికి నేను హద్దు పెట్టలేదు కదా. నేను నోరు తెరిచి, "మిత్రులారా," అన్నాను.

"సార్, మీరు ఆగిపోయారు," అన్నాడు సంధానకర్త.

తెరలో నా బొమ్మ చూశాను. నోరు తెరుచుకుని, ఒక కన్ను మూసుకుని, కుడి చెయ్యి ఆశీర్వదిస్తున్నట్టు పైకి లేచి ఉంది. అప్పుడు తెలిసింది అరవై నాలుగు కిలోబిట్లంటే ఏమిటో. కెమెరా ఆపాను. మాటైనా పోవాలి నిజానికి. కాని అప్పటికే బయలుదేరిన నా బొమ్మలన్నీ ఆ ఇరుకు సందులో తోసుకుంటున్నాయి, వాటి వెనక నా మాట.

ఫైర్‌వాల్ పేజీ తెరిచాను. అరవై నాలుగు చెరిపి, రెండు వేలు రాశాను. కింద "అమలు చేయి" అన్న మీట. వేలు మీట మీద పెట్టాను.

పైనుంచి ఆమె గొంతు వినబడింది. "ఇప్పుడు ఈ రొట్టెను ముగ్గురికి పంచుదాం," అంటోంది. పుస్తకం భాషలో, నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా. ఆమె ఇంకా ఇరవై ఐదు నిమిషాలు చెప్పాలి. మీట నొక్కితే లైను రెండు మూడు క్షణాలు ఆగుతుంది. కాల్ తెగవచ్చు, తెగకపోవచ్చు. తెగితే, అవతల కూర్చున్నవాళ్లకు కారణం అక్కర్లేదు. మూడోసారి కూడా పోయింది అనుకుంటారు, అంతే. ఇటు తెరలో పండితుడు గొంతు సవరించుకున్నాడు.

"హేతువాది గారు పలకడం లేదు. నాదొక చిన్న సందేహం. వారి ఇంట్లో ఆ ఇంటర్నెట్ పెట్టె ఏ మూల ఉందో ఎవరైనా కనుక్కోగలరా? నైరుతిలో ఉంటే మాట పడిపోతుందని శాస్త్రం."

పెట్టె నైరుతిలోనే ఉంది. ప్లగ్గు అక్కడ ఉంది కాబట్టి. ఆయనకు చెప్పవలసిన జవాబు మూడు వాక్యాలు, మూడూ నా నాలుక చివర ఉన్నాయి, ఒక్కొక్కటి బాణం. వేలు తీసి, ఆ చేతిని కుర్చీలో నా కిందే పెట్టుకుని కూర్చున్నాను.

సంధానకర్త మంచివాడు. "సార్, మీరు మాట్లాడలేకపోతే చాట్‌లో రాయండి. అలా కొనసాగిద్దాం, అంగీకరిస్తారా?" అన్నాడు. రెండో చేత్తో రాశాను. "అంగీకరిస్తున్నాను." పంపాను. అది కూడా వెళ్లి అదే సందులో, నా బొమ్మల వెనక నిలబడింది.

ఈలోపు పండితుడు పదిహేను నిమిషాలు మాట్లాడాడు. ఈశాన్యం గురించి, నీటి గురించి, నేను చిన్నప్పుడు సైన్సు చదివిన పద్ధతి గురించి. అంత సేపు ఎదుటివాడి మాట అడ్డుపడకుండా వినడం నా జీవితంలో అదే మొదలు. ఆయన చివరికి చేతులు చాచి అడిగాడు.

"ఇంత కళ్ల ముందు జరిగాక కూడా, దిక్కుకు బలం ఉందని హేతువాది గారు అంగీకరిస్తారా, లేదా?"

అప్పుడు నా సందేశం చేరింది. సంధానకర్త దాన్ని పైకి చదివాడు.

తర్వాత పండితుడు నా పెద్దమనసును చాలా మెచ్చుకున్నాడు.

పదకొండున్నరకు పైన తలుపు తెరుచుకుంది. టీచరమ్మ మెట్లు దిగి వచ్చింది. ఈసారి గుమ్మంలో ఆగలేదు, లోపలికే వచ్చింది.

"ఒక్కసారి గూడ తెగలే సార్. ఆఖరుకు ఒక సారు నన్నే డౌట్ అడిగిండు, నేను చెప్తాంటే రాసుకున్నడు. సోమవారం నుంచి రమ్మన్నరు. రమ్మనుడంటే, ఇంట్లనే." చెప్పి నా ముఖం చూసింది. "మీ డిబేట్ ఎట్లయింది?"

"ఓడిపోయిన," అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి ఎవరూ విన్నది లేదు. ఆమె తబ్బిబ్బై, ఎందుకు సార్ అంది. నేను చెప్పేలోపు ఆమె వెనకే కర్ర పట్టుకుని ఒక్కో మెట్టు దిగుతున్న పెద్దావిడ చెప్పింది.

"నేను చూసిన. మెట్ల మీద కూసోని, నా ఫోన్ల డాటా పెట్టుకోని చూసిన, మీ వైఫై ముట్టలే. ఆయన గన్ని మాటలన్నడు, నువ్వు నోరు తెరువలే. బీమారొచ్చిందా ఏంది అనుకున్న."

కారణం చెప్పాను. అరవై నాలుగు, మీట, రెండు మూడు క్షణాలు. ఆమె కర్ర మీద గడ్డం ఆనించి విన్నది.

"నా ఫోన్ల డాటా ఉండె గదా తమ్మీ. అడిగితె తెచ్చి ఇయ్యకపోదునా?"

అడగడం నాకు తోచలేదు. టీచరమ్మ మాత్రం నా బల్ల దగ్గరికి వచ్చి, తెరలో ఇంకా తెరిచి ఉన్న ఫైర్‌వాల్ పేజీ చూసింది. రెండు వేలు అని రాసి, అమలు కాని అంకె. దాన్ని చాలాసేపు చూసింది. లెక్కల టీచరు కదా, వేలితో దాని కింద ఒక గీత గీసి ఊరుకుంది.

సాయంత్రానికి నా బొమ్మ, ఆ తెరిచిన నోటితో, ఆశీర్వదించే చేతితో, ఊరంతా తిరిగింది. కింద "సత్యం గ్రహించిన క్షణం" అని రాశారు. నర్సంపేట నుంచి సంఘం కార్యదర్శి ఫోను చేశాడు. "అన్నా, నువ్వు ఒప్పుకున్నవంటాండ్రు." జరిగింది చెప్పాను. ఆయన అంతా విని, ఇది నిజమే కావచ్చు కాని చెబితే ఎవరూ నమ్మరు, ఇంకేదైనా నమ్మదగిన కారణం ఉంటే చూడమన్నాడు. కరెంటు పోయిందని చెబుదామన్నాడు. అబద్ధం ఆడనని చెప్పి ఫోను పెట్టేశాను. పండితుడితో మళ్లీ చర్చ పెట్టమని ఛానల్‌ను అడిగాను. ఆయన ఒప్పుకోలేదట. ఇప్పటికే అంగీకరించినవారితో ఇంకేం చర్చ అన్నాడట.

ఆ మీటను నేను శనివారం నొక్కలేదు, ఆదివారమూ నొక్కలేదు. సోమవారం పదిన్నరకు ఆమె మొదటి క్లాసు మొదలైంది. పన్నెండుకు అయిపోయింది. పైన ఫ్యాను ఆగిన చప్పుడు, ఆమె అత్తమ్మను అన్నానికి పిలిచిన చప్పుడు వినబడ్డాక, నా హద్దు తీసి అమలు చేశాను. నియమాల్లో ఒక వరస కొత్తగా చేర్చాను. నేను మాట్లాడేటప్పుడు నా గొంతు కూడా మొదటి వరసలోనే పోతుంది. కాని ఆమె గొంతు వెనకే.